అయిదో పీట

రాజమండ్రిలో ఒక పిల్లల ఆస్పత్రి. మేడమీది వార్డు బయట ఇనప బెంచీ. మూడేళ్ళ సహస్ర లోపల మందు మత్తులో పడుకుని ఉంది. బయట బెంచీకి ఈ చివర తల్లి వర్షిణి, ఆ చివర తాత దక్షిణామూర్తి, వర్షిణి భర్త విష్ణుకి తండ్రి. అన్నవరం కొండ మీద వ్రతాలు చేయించే పురోహితుడాయన. ఇద్దరి మధ్యా ఇంకో నలుగురు కూర్చునేంత చోటుంది కానీ, ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"విష్ణుని మీరేనా పంపించేసింది?"

"పంపించేయడం ఏంటి? వాడికి పనుండి వెళ్ళాడు."

"ఏం పనండీ?"

"గొంతు తగ్గించు అమ్మాయ్. ఆస్పత్రి ఇది."

"తగ్గించాను. ఏం పని?"

"ఆత్రేయపురం వెళ్ళమన్నాను. అక్కడ సిద్ధాంతిగారికి సహస్ర జాతకం ఒకసారి చూపించి రమ్మన్నాను."

"రక్తం తీసుకునే అబ్బాయి వచ్చే వేళకే గుర్తొచ్చిందా మీకు జాతకం? ఆయన ఫోన్ కూడా తియ్యడం లేదు."

"బండి మీద ఉన్నాడేమో."

"బండి మీద ఉన్నా నా ఫోన్ తీస్తారు. తియ్యద్దని మీరు చెప్పి ఉంటారు."

"నేనెందుకు చెప్తాను?"

"మావయ్యగారూ, ఈ పూట జన్యు పరీక్షకి ఆయన శాంపిల్ వెళ్ళకపోతే మళ్ళీ సోమవారమే. డాక్టరుగారు మీ ఎదురుగానే చెప్పారు."

"చెప్పాడు, విన్నాను. నా కొడుకు రక్తం ఇవ్వక్కర్లేదు."

"అది మీరెలా చెప్తారు?"

"మా ఇంటా వంటా ఫిట్సు లేవు. లేనిదాన్ని వెతకడం దేనికి? మీ వైపు చూసుకోండి."

"చూశారండి. నా రక్తం వెళ్ళింది, జవాబూ వచ్చింది. పిల్ల జన్యువులో దొరికిన మార్పు నాలో లేదు. ఇక మిగిలింది విష్ణు."

"వాడిలోనూ లేకపోతే?"

"పిల్లలోనే కొత్తగా పుట్టిందని అర్థం."

"అదే అయ్యుంటుంది. ఎందుకు పుట్టిందో కూడా నేను చెప్తాను, వింటావా?"

"చెప్పండి. ఎలాగూ చెప్పకుండా ఊరుకోరు."

"హైదరాబాదులో అన్నేళ్ళు ఆ ల్యాబులో ఏమేం ముట్టుకున్నావో నీకే తెలియాలి. కడుపుతో ఉండి కూడా మానలేదు. మీ అత్తగారు మొత్తుకుంది, వద్దే పిల్లా, ఆ మందులు మంచివి కావు అని. విన్నావా?"

"అత్తయ్యగారు ఆ మాట ఎప్పుడూ అనలేదండి. పోయినావిడ పేరు పెట్టి మీరు అంటున్నారు."

"నోరు పారేసుకోకు."

"నేను పారేసుకుంటున్నానా?"

"మేడం, ఒకసారండీ."

"ఏమైంది సిస్టర్ ఆశాజ్యోతిగారూ? పిల్ల లేచిందా?"

"లేదండి, కంగారు పడకండి. నిద్రలోనే ఉంది. శాంపిల్ అబ్బాయి కింద ఉన్నాడు, పాప నాన్నగారు వచ్చారేమో అడగమన్నాడు."

"వస్తున్నారండి. కాసేపు ఆపగలరా?"

"కింద ఇంకా ఇద్దరు పిల్లలవి తీసుకోవాలి. అది అయ్యేదాకా ఉంటాడు. అంతకంటే నేను ఆపలేనండి. తాతగారూ, మీరు పాపని దగ్గర నుంచి చూస్తానన్నారు కదా. ఆ కుళాయి దగ్గర మొహం కడుక్కుని రండి, పంపిస్తాను."

"పొద్దున్నే స్నానం చేసి వచ్చానమ్మా."

"స్నానం సంగతి కాదండి, నుదుటి మీద విబూది. పొడి రాలుతోంది. లోపల ఆక్సిజన్ మీద పిల్లలున్నారు. తుడుచుకుంటే చాలు."

"తుడవను."

"బయటికి వచ్చాక మళ్ళీ పెట్టుకోవచ్చండి."

"తుడవనని చెప్పాను కదమ్మా. వెళ్ళు, నీ పని చూసుకో."

"సరేనండి, మీ ఇష్టం."

"ఆ అమ్మాయి మీద ఎందుకండీ అరుస్తారు? వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. మనవరాలిని అద్దంలోంచి చూసి వెళ్ళిపోతున్నారు. పిల్ల కంటే ఆ విబూది ఎక్కువైందా మీకు?"

"నీకు తెలియని వాటి గురించి మాట్లాడకు."

"తెలియదు నిజమే. కోడలిగా వచ్చాక మీ నుదురు ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. నిద్ర లేచి గుమ్మంలోకి వచ్చేసరికే మూడు రేఖలూ దిద్ది ఉంటాయి. అది మీ నిష్ఠ, కాదనను. కానీ పిల్ల దగ్గర నిష్ఠ ఏంటండీ?"

"ప్రసాదం తెచ్చాను, తిను. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు నువ్వు."

"మాట మార్చకండి."

"మార్చడం ఏంటి. స్వామి ప్రసాదం వద్దనకూడదు."

"విష్ణు వచ్చి రక్తం ఇచ్చాక తింటాను."

"మొండితనం. అసలేంటి ఆ రోగం? డాక్టరు గామా అని ఏదో అన్నాడు. నువ్వు చదివింది అదేగా, చెప్పు."

"చెప్తే వింటారా?"

"తప్పు పట్టడానికైనా వినాలి కదా."

"మెదడులో కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ ఉంటాయి. వాటిని నెమ్మదిపరచడానికి కణం గోడలో చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. ఇక చాలు అని కబురు రాగానే తెరుచుకుంటాయి. ఉప్పులో ఉండే క్లోరైడు లోపలికి వెళ్తుంది, కణం ఊరుకుంటుంది. ఆ ద్వారాన్నే రిసెప్టర్ అంటారు."

"అది సరిగ్గా తెరుచుకోకపోతే ఫిట్సు."

"తెరుచుకోకపోయినా, ఉండాల్సినన్ని లేకపోయినా."

"ఈ మాత్రం దానికి అన్నేళ్ళు చదవాలా?"

"ఆ ద్వారం ఒక్క ముక్క కాదండి. అయిదు ముక్కలు. కణం లోపల విడివిడిగా తయారై, ఒకరి పక్కన ఒకరు గుండ్రంగా చేరి, మధ్యలో దారి వదిలి నిలబడతాయి. మామూలుగా ఇద్దరు ఆల్ఫాలు, ఇద్దరు బీటాలు, ఒక గామా. ఎవరి పక్కన ఎవరుండాలో కూడా పద్ధతి ఉంది. అయిదుగురూ కుదిరాకే లోపలి గడప దాటి గోడ దగ్గరికి వస్తారు. కుదరకపోతే కణమే ఆపేస్తుంది, బయటికి పంపదు."

"హోమానికి అయిదుగురు రుత్విక్కులు పీటలు వేసుకుని కూర్చున్నట్టు."

"అలాగే అనుకోండి."

"గామా అయిదో పీట."

"అయిదో పీట. సహస్రకి తేడా వచ్చింది అక్కడే."

"అయితే నీ లెక్క తప్పు."

"ఏంటండీ తప్పు?"

"పిల్లకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయని డాక్టరే చెప్పాడు. నీది మంచిదే అన్నావు. అంటే అయిదో పీటకి మంచివాడు ఒకడున్నాడు. రుత్విక్కుల్లో ఒకడికి మైల వచ్చిందనుకో, వాడు రాడు. వాడి బదులు ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకుంటాం. హోమం ఆగిందా ఎక్కడైనా?"

"మైల వచ్చినవాడు ఆ మాట చెప్పి మానేస్తే ఆగదండి. చెప్పకుండా వచ్చి కూర్చుంటే?"

"ఎవడూ అలా కూర్చోడు."

"ఇది కూర్చుంటుంది. అదే దీని గుణం. వంకరపోయిన గామా ఊరికే ఓ మూల పడి ఉండదు. పక్కనున్న మంచి ఆల్ఫానీ మంచి బీటానీ పట్టుకుంటుంది. ఉడుంపట్టు. గడప దగ్గర కణం చూసుకుంటుంది కదా, ఈ గుంపులో ఒకడు సరిగా లేడని మొత్తం గుంపునే ఆపేస్తుంది. మిగతా నలుగురూ మంచివాళ్ళే, ఏ తప్పూ చెయ్యలేదు. ఒకడు దాచుకుని వచ్చి కూర్చున్నందుకు అందరూ లోపలే ఉండిపోతారు. మంచి గామా ఒకటి ఉంది కాబట్టి సగం ద్వారాలైనా ఉండాలి కదా అని మీరనుకుంటారేమో, ఆ సగం కూడా ఉండవు."

"దాచుకుని అనకు. ముక్కకి దాచుకోవడం ఏం తెలుసు?"

"దానికి తెలియదు. మనుషులకి తెలుసు."

"ఎవర్ని అంటున్నావు?"

"కొడుకుని ఆత్రేయపురం పంపించినవాళ్ళని."

"పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది నీకు."

"నాకు ఉన్నదంతా లోపల బెడ్ మీద ఉందండి. ఇక అంతరాలేం చూడను? మీరు ల్యాబు, ల్యాబు అంటున్నారు కదా, అక్కడ నేనేం చేశానో తెలుసా? గాజు పళ్ళెంలో పెంచిన కణాలకి ఈ ముక్కలే ఇచ్చి చూసేవాళ్ళం. కనపడ్డానికి రంగు కలిపేవాళ్ళం. మంచి గామా ఇస్తే కణం అంచు చుట్టూ పచ్చగా గీత గీసినట్టు మెరిసేది. చెడ్డది ఇస్తే ఆ పచ్చదనమంతా కణం లోపలే ముద్దగా ఉండిపోయేది. మొదటిసారి ఆ ముద్ద కనిపించినప్పుడు ఎంత సంతోషపడ్డానో. ల్యాబులో అందరికీ మిఠాయి పంచాను."

"ఒప్పుకుంటున్నావన్నమాట."

"ఏం ఒప్పుకోలేదు. పళ్ళెంలోంచి కడుపులోకి అంటుకునేది కాదు ఇది. మీకు చెప్తున్నది వేరే. ఆ రోజు జ్వరంలో పిల్ల కొట్టుకుంటుంటే ముక్కులో మందు కొట్టాను. వెంటనే ఆగాలి, ఆగలేదు. ఆ మందు వెళ్ళి కూర్చునే చోటు ఆల్ఫాకీ గామాకీ మధ్యలో. గామా ఉన్న ద్వారాలే తక్కువైతే అది ఎక్కడ కూర్చుంటుంది? పిల్ల పెదాలు నీలంగా అయిపోతుంటే నాకు ఆ పచ్చ ముద్ద కనిపించిందండి. కళ్ళు మూసినా అదే, తెరిచినా అదే. మీరు నన్ను ఎన్నన్నా నన్ను నేను అనుకున్నంత అనలేరు."

"ప్రసాదం తిను అమ్మాయ్, నీరసపడతావు."

"మీరు అనేది ఇంతేనా?"

"ఇంకేం అనమంటావు. హోమం చేయిద్దాం. మృత్యుంజయ జపం మొదలుపెట్టాను."

"చెయ్యండి, వద్దనను. విష్ణుని కూడా రమ్మనండి."

"మళ్ళీ అదే మాట. ఆ రక్తంతో ఏం మారుతుంది? వచ్చింది పోతుందా?"

"పోదు."

"మరి? మా వంశం మీద వేలెత్తి చూపించడానికి తప్ప దేనికి పనికొస్తుంది?"

"అందుకని అనుకుంటున్నారా మీరు?"

"ఇంకెందుకు? తప్పు ఎవరిదో తేలాలి నీకు. నాది కాదు, వాళ్ళదే అని పాలకొల్లులో మీ వాళ్ళకి చెప్పుకోవాలి."

"ఆ తగువు నాకెందుకండీ? పిల్ల అమ్మా అనడం మానేసింది. మీరు నేర్పిన శ్లోకం గుక్క తిప్పుకోకుండా చెప్పేది, ఇప్పుడు నా మొహం చూసి ఊరుకుంటోంది. మళ్ళీ మాట్లాడుతుందా, బడికి వెళ్తుందా అని డాక్టరుగారిని అడిగాను. ఏమన్నారో తెలుసా?"

"నేను విన్నాను కదా."

"మీరు సగంలో లేచి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళలో ఎవరికైనా ఉండవచ్చు అనగానే లేచారు. ఆ తర్వాత చెప్పింది వినలేదు."

"ఏమన్నాడు?"

"కొత్తగా పుట్టిన మార్పైతే దారి ఎటో చెప్పలేం, గట్టి రకం కావచ్చు అన్నారు. అదే ఈ మార్పు ఇంట్లో పెద్దవాళ్ళలో ఉండి, వాళ్ళకి చిన్నప్పుడు జ్వరాల్లో ఫిట్సు వచ్చి ఆగిపోయి, వాళ్ళు మామూలుగా బతికి ఉంటే, పిల్లకి కూడా అలా వెళ్ళే అవకాశం ఉందన్నారు. ఖాయం కాదు. ఒకే ఇంట్లో ఒకరికి తేలిగ్గా వెళ్ళిపోవచ్చు, ఒకరికి బరువుగా రావచ్చు. అయినా ఆశ పెట్టుకోవచ్చు అన్నారు. నాకు కావలసింది తప్పు చేసినవాడు కాదు మావయ్యగారూ. ఇది వచ్చి కూడా బాగుపడ్డ మనిషి. ఒక్క మనిషి."

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కడ చెప్పనిచ్చారు? నోరు తెరిస్తే మా ఇంటా వంటా లేవు అంటారు."

"ఆ దాచుకుని కూర్చున్నవాడు..."

"ఎవరు?"

"అదే, నీ గామా. వాడు మధ్యలో లేచి వెళ్ళిపోతే మిగతావాళ్ళు బయటపడతారా?"

"లేచి వెళ్ళడం దానికి చేతకాదండి. మనిషైతే లేచేవాడు."

"మేడం, ఆ అబ్బాయి సంచీ సర్దేసుకున్నాడండి. పాప నాన్నగారు ఇంకా రాలేదా?"

"రాలేదు. రారు. వెళ్ళిపోమనండి."

"సోమవారం మళ్ళీ పంపిస్తాం లెండి. ఏడవకండి మేడం."

"ఏడవడం లేదు. మావయ్యగారూ, మీరన్నదే అయింది, సరేనా? పిల్లకి కాస్త తేలిక పడగానే తీసుకుని పాలకొల్లు వెళ్ళిపోతాను, మా అమ్మ దగ్గరికి. మీ అబ్బాయినీ మీ వంశాన్నీ మీరు భద్రంగా చూసుకోండి. ఇక మా గుమ్మం తొక్కకండి."

"అమ్మా ఆశాజ్యోతీ, ఆగు. ఆ అబ్బాయిని వెళ్ళనివ్వకు."

"ఎందుకండీ? ఇవ్వాల్సినాయన లేరు కదా."

"ఉండమను. ముందు నాకు ఒక తడి గుడ్డ ఇయ్యి."

"పాపని చూస్తారా తాతగారూ? మంచిదండి. ఇదిగో, దూది తడిపి ఇస్తున్నాను. ఉండండి, అబ్బాయికి ఫోన్ చేసి చెప్తాను."

"ఏంటండీ ఇది? ఇప్పుడెందుకు తుడుస్తున్నారు?"

"ఇటు రా. దగ్గరికి వచ్చి చూడు."

"ఏం చూడాలి? నుదుటి మధ్య ఏంటిది, కాలిందా?"

"కాలలేదు. కాల్చారు."

"వాతా?"

"వాతే. మా అమ్మ పెట్టింది, ఇత్తడి గరిటె కాడ నిప్పుల్లో పెట్టి. జ్వరం తగిలితే చాలు, కాళ్ళూ చేతులూ కొట్టుకుని పడిపోయేవాణ్ణి. వాత పెడితే పోతుందని ఎవరో చెప్పారు. ఫిట్సు పోలేదు, వాత ఉండిపోయింది. ఇది ఎవరి కంటైనా పడితే నిన్ను పీట మీద కూర్చోనివ్వరురా, మూర్ఛవాడి చేత మంత్రం ఎవరు చెప్పించుకుంటారురా, చచ్చేదాకా విబూది తుడవకు అంది. తుడవలేదు."

"అత్తయ్యగారికి తెలుసా?"

"తెలుసు. ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టుతోనే పోయింది."

"విష్ణుకి?"

"వాడికి పసితనంలో ఒక్కసారి వచ్చింది, జ్వరంలోనే. ఆ రాత్రి గరిటె తీసి నూతిలో పారేశాను, ఎవరూ వాడికి వాత పెట్టకుండా. మళ్ళీ రాలేదు. వాడికి చెప్పనూ లేదు."

"ఇదంతా తెలిసి నా ల్యాబు మీద వేశారు. పోయినావిడ పేరు చెప్పి మరీ వేశారు."

"తెలిసే వేశాను. పిల్ల పడిపోయిందని ఫోన్ రాగానే నా చెయ్యి నుదుటి మీదకే వెళ్ళింది. నోటి నుంచి మాత్రం నీ మీద మాట వచ్చింది. మైల దాచుకుని పీట మీద కూర్చున్నవాణ్ణి నేనేనమ్మా."

"క్షమించమని అడగకండి. ఇప్పుడు నా వల్ల కాదు."

"అడగను."

"మేడం, అబ్బాయి పైకి వస్తున్నాడు. ఎవరి రక్తం తియ్యాలండీ?"

"మా మావయ్యగారిది. పాప తాతగారిది. డాక్టరుగారిని ఒక్కమాట అడగండి ఆశాజ్యోతిగారూ, తప్పకుండా ఒప్పుకుంటారు. విష్ణుది సోమవారం ఇప్పిస్తాను."

"అలాగేనండి, అడిగి వస్తాను."

"మావయ్యగారూ, పిల్లలో ఉన్నదీ మీలో ఉన్నదీ ఒకటేనో కాదో ఆ రక్తం చెప్తుంది. ఈలోపల నాకు ఒక్కటి చెప్పండి. నన్ను ఓదార్చడానికి కాదు, నిజం చెప్పండి. మీకు అవి ఎప్పుడు ఆగాయి?"

"ఏడో ఏట. అప్పటిదాకా పడిపోయినప్పుడల్లా నాకూ మాట పోయేదమ్మా. నా నోట నువ్వు విన్న మంత్రమన్నది ప్రతి ఒక్కటీ ఆ తర్వాత నేర్చుకున్నదే."